ఐ5 ఒకటే, తరం వేరు

ప్రశ్న: మా అబ్బాయికి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ చూస్తున్నాం. ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్ (చిప్) ఉన్నదానికన్నా ఐ5-8400 ఉన్నదానికి రెండు వేలు ఎక్కువ చెబుతున్నారు. ఒక్క అంకెకి అంతా?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: ఇచ్చేయండమ్మా. ఈ రెండు పేర్లలో గీత తర్వాతి మొదటి అంకే తరం. లోపలి నిర్మాణం రెండింటిదీ దాదాపు ఒకటే, 2015 నాటి స్కైలేక్ అనే డిజైన్‌దే. కానీ చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, 7400లో నాలుగు, 8400లో ఆరు. విండోస్ 11 మద్దతు జాబితాలో మొదటిది లేదు, రెండోది ఉంది.

ముందు 7400 కొని, తర్వాత చిప్ మార్చుకుందామనుకోకండి. చిప్ కూర్చునే సాకెట్‌లో పిన్నులు రెండింటికీ 1151 అయినా పాత మదర్‌బోర్డు కొత్తదాన్ని ఒప్పుకోదు. ద్వారకానగర్‌లో చిప్ కొని తెచ్చి నేనూ ఇలాగే దెబ్బతిన్నా. ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నలుపే!

అన్నట్టు, మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందేగా. మూత తీయించి తుప్పు చూడండి.