తక్కువ బడ్జెట్‌లో పాత అమెరికా రాగి సెంట్లు పోగెయ్యడం అయ్యే పనేనా?

మీరు అడిగింది నెలకి నలభై యాభై డాలర్లు పక్కన పెట్టి 1800ల నాటి అమెరికా రాగి నాణేలు కూడబెట్టొచ్చా, లేకపోతే అది డబ్బున్నోళ్ళ ఆటా అని కదా. శుభ్రంగా అవుతుందండి. నేను పదమూడేళ్ళుగా చేస్తున్నా, న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, అందరికీ ఉన్నవే. నా దగ్గర అరవై పైచిలుకు ఉన్నాయి, వాటిలో 150 డాలర్లు దాటినవి నాలుగంటే నాలుగే.

ముందు వీటి గురించి రెండు ముక్కలు. ఇప్పటి సెంటు చూసి అంతే ఉంటుందనుకోకండి, పాతది దాదాపు మన పది రూపాయల బిళ్ళంత ఉంటుంది, అచ్చమైన రాగి, బరువు 10.89 గ్రాములు, అందుకే లార్జ్ సెంట్ అంటారు. ఫిలడెల్ఫియా టంకశాలలో 1793 నుంచి 1857 దాకా కొట్టారు. మధ్యలో 1815 ఒక్క ఏడు వెయ్యలేదు, ఇంగ్లండుతో యుద్ధం వల్ల అక్కణ్ణించి రావాల్సిన రాగి బిళ్ళలు ఆగిపోయాయి. కాబట్టి ఎవడైనా 1815 సెంటు ఉందంటే నవ్వేసి పక్కకి వెళ్ళిపోండి. వీటితోపాటే అర సెంటు కూడా ఉండేది, అదీ 1857లోనే ఆగిపోయింది.

1793 మీద ఆశ మాత్రం వదిలేసుకోండి. ఆ ఏడు మొదట వేసిన గొలుసు బొమ్మ సెంట్లు 36,103 మాత్రమే, అరిగిపోయి బొమ్మలోని స్వేచ్ఛాదేవి మొహం కూడా కనపడనిదే వేల డాలర్లు. 1799 కూడా అంతే. కానీ చివరి రోజులవి ఉన్నాయి చూశారా, 1840లు 50లవి, వాటికి కొదవే లేదు, ఒక్క 1851లోనే 98 లక్షల పైన కొట్టారు. నా మొదటి నాణెం 1848ది, ఇక్కడ ఒక చిన్న కాయిన్ షోలో 22 డాలర్లకి తీసుకున్నా, బేరమాడితే 20కి ఇచ్చేవాడేమో, నాకు మొహమాటం ఎక్కువ. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఒక ఐదారు తీసుకుని చేత్తో పట్టుకుని చూస్తూ ఉంటే రాగి రంగు, అరుగుదల కంటికి అలవాటవుతాయి, ఆ తర్వాతే వెనక్కి, అంటే 1798, 1803 లాంటి జారుపైట బొమ్మ రోజులకి వెళ్ళండి. దాన్ని డ్రేప్డ్ బస్ట్ అంటారులెండి. బాగా అరిగినవైతే అవీ మన అందుబాటులోనే ఉంటాయి. 1808 నుంచి 1814 మధ్యవి మాత్రం నాకు పెద్దగా పడవు, ఎక్కువ శాతం నల్లగా, గరుగ్గా ఉంటాయి, మంచిది కావాలంటే జేబు ఖాళీ.

నాకు అర్థం కావడానికి మూడు నాలుగేళ్ళు పట్టిన సంగతి ఒకటి చెప్తా. తక్కువ డబ్బుతో కొనేవాడు అరుగుదల చూసి భయపడకూడదండి, ఒంటి మీద రోగం చూసి భయపడాలి. చేతులు మారి మారి నున్నగా అరిగిన గోధుమ రంగు సెంటు, తేదీ కనపడుతూ, ఎక్కడా గీత లేకుండా ఉంటే అది బంగారం. అదే ధరకి జుట్టు పాయలన్నీ కనపడుతున్నది ఇంకోటి దొరుకుతుంది, మొదట్లో నేనూ ఎగబడి అదే కొనేవాణ్ణి, తీరా లైటు కింద పెడితే ఒళ్ళంతా సన్న సన్న గుంటలు, మట్టిలో ఉండి తినేసినట్టు, లేకపోతే ఎప్పుడో ఎవరో తోమేసి మళ్ళీ రంగు పట్టించింది. అలాంటివి అమ్మబోతే కొన్న ధరలో సగం కూడా రాదు. నేను అలా పోగేసినవి పది దాకా ఉన్నాయి, ఒక డబ్బాలో పడేసి మా అబ్బాయికి ఇచ్చేశా.

తోమడం అంటే గుర్తొచ్చింది. 2016లో మా అమ్మ బాపట్ల నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నా టేబుల్ మీద ఏడు సెంట్లు తళతళా మెరిసిపోతున్నాయి. "ఏంట్రా ఇవి ఇంత మకిలి పట్టిపోయాయి, దేవుడి చెంబులతో పాటే చింతపండూ ఉప్పూ పెట్టి తోమేశా" అంది, మొహం వెలిగిపోతోంది. ఏమంటాం. బాగున్నాయమ్మా అన్నా. నూట యాభై ఏళ్ళ గోధుమ రంగు పోయి రొయ్య ఉడికించినట్టు గులాబీ రంగులోకి వచ్చేశాయి. చింతపండే కాదు, నిమ్మకాయ, కెచప్, వెండి పాలిష్, టూత్‌పేస్ట్, ఏదీ పెట్టకూడదు. జిడ్డూ టేపు జిగురూ ఉంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీస్తే చాలు, గోళ్ళ రంగు తీసేది వాడొద్దు అందులో వేరేవి కలుపుతారు, కిటికీ తెరిచి స్టవ్‌కి దూరంగా చెయ్యండి. ఆ పైన మెత్తటి వెంట్రుకల బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే.

పచ్చగా చిలుము పట్టిందంటే మాత్రం దాన్ని మిగతావాటి నుంచి విడిగా పెట్టండి, వీలైతే కొనకండి. ఇక్కడ వేసవిలో బేస్‌మెంట్ చెమ్మ సంగతి తెలిసిందే, అక్కడ అసలు దాచొద్దు. మెత్తగా వంగే ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి, కొన్నేళ్ళకి పచ్చటి జిగురు వదుల్తాయి. నేను లోపల కాటన్ గుడ్డ ఉన్న చిన్న కాగితం కవర్లలో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తా, మందుల సీసాల్లో వచ్చేవే.

దొంగ నాణేల దెబ్బ కూడా తిన్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 1799 సెంటు 90 డాలర్లకి, ముసలాయన వస్తువులు అమ్ముతున్నాం అని రాసుంది, నేనేదో లాటరీ కొట్టినట్టు రాత్రి పన్నెండింటికి కొనేశా. వచ్చాక తూస్తే ఎనిమిది గ్రాములు కూడా లేదు, అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది! రాగి ఎక్కడైనా అతుక్కుంటుందా. కాబట్టి మొదటి నాణెం కంటే ముందు పది పదిహేను డాలర్లు పెట్టి చిన్న తూకం, ఒక భూతద్దం కొనుక్కోండి. అరిగితే బరువు కాస్త తగ్గుతుంది, మూడు గ్రాములు తగ్గదు. 1795 చివర్లో బరువు తగ్గించారని గుర్తుంచుకోండి, అంతకుముందువి 13.48 గ్రాములు ఉండేవి. అసలైన 1798లో ఆఖరి 8ని చెక్కి 9 చేసేవాళ్ళూ ఉన్నారు, దానికి తూకం పనికిరాదు, తెలిసినవాళ్ళకి చూపించాల్సిందే.

ఇక అసలు మజా ఎక్కడంటే వెరైటీల్లో. ఆ రోజుల్లో అచ్చుల మీద అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటీ చేత్తో కొట్టేవాళ్ళు, కాబట్టి ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు, ఒక్క 1794లోనే యాభైకి పైగా రకాలు. 1814 దాకా ఉన్నవాటికి షెల్డన్ నంబర్లు, 1816 నుంచి న్యూకోంబ్ నంబర్లు చెప్తారు, ఆ రకాలకి జాబితాలు రాసినవాళ్ళ పేర్లే అవి. నాణెం ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పుడు అన్ని నాణేలకీ వాడుతున్న 1 నుంచి 70 గ్రేడింగు ఉంది కదా, అదీ షెల్డన్ 1949లో ఈ సెంట్ల కోసం పెట్టిందే. పని చేసినవాళ్ళు తప్పులు కూడా బాగానే చేశారు. బొరుసు వైపు కింద 1/100 అని ఉండాలి, సెంటంటే డాలర్‌లో నూరో వంతు కాబట్టి. 1801, 1802ల్లో కొన్నిటి మీద 1/000 అని పడింది! ఒకటిని సున్నాతో భాగించాడు మహానుభావుడు. ఒక 1801 అచ్చు మీదైతే అదొక్కటే కాదు, ఆకుల దండకి ఒక కాడ లేదు, యునైటెడ్ అన్న మాటలో మొదటి అక్షరం రెండు నిలువు గీతల్లా పడింది, మూడు తప్పుల అచ్చు అనే పిలుస్తారు. డీలర్ల దగ్గర చిల్లర డబ్బాలో పాత సెంట్లు వందల కొద్దీ పడుంటాయి, వాళ్ళకి ఒక్కోటీ చూసే తీరిక ఉండదు, నేను అలాగే 1/000 ఉన్న 1802 ఒకటి మామూలు ధరకే పట్టుకున్నా, ఇంటికొచ్చేదాకా కారులో ఒకటే నవ్వు. ఫోటోలు పోల్చుకోవడానికి పీసీజీఎస్ అనే నాణేల గ్రేడింగు కంపెనీ సైట్ ఉచితం. ఎర్లీ అమెరికన్ కాపర్స్ అని 1967 నుంచి ఒక క్లబ్ ఉంది, వాళ్ళ గ్రేడింగు డబ్బాల్లో సీలు చేసి ఇచ్చే కంపెనీల కంటే గట్టిగా ఉంటుంది, ఆ కంటితో చూడ్డం నేర్చుకుంటే మోసపోరు.

మీరూ న్యూజెర్సీనే అన్నారు కాబట్టి ఇంకోటి. ఫెడరల్ టంకశాల రాకముందు 1786 నుంచి 1788 దాకా మన రాష్ట్రం సొంత రాగి నాణేలు వేసుకుంది, ఒక వైపు గుర్రం తల, దాని కింద నాగలి, రెండో వైపు డాలు. న్యూజెర్సీకి లాటిన్‌లో నోవా సీజారియా అని రాసుంటుంది, ఇ ప్లూరిబస్ ఊనమ్ (పలువురి నుంచి ఒకటి) అన్న అమెరికా నినాదం మొదటిసారి నాణెం మీదకెక్కింది దీంతోనే. మా ఇంటికి దగ్గర్లోని రావే ఊళ్ళోనే కొన్ని కొట్టారు. నల్లబడిపోయిన 1787ది ఒకటి 85 డాలర్లకి తెచ్చుకున్నా, నాగలి బాగా కనపడుతుంది, అందుకే కొన్నా.

ఇండియాలో ఇంటికెళ్ళినప్పుడు మీ తాతగారి ట్రంకు పెట్టె కూడా ఒకసారి వెతకండి. మా ఇంట్లో అలాగే 1794 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి బిళ్ళ దొరికింది, రూపాయికి నలభై ఎనిమిది అని ఇంగ్లీషులో రాసుంటుంది, మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బోల్టన్ అనే ఆయన కార్ఖానాలో కొట్టింది. ఫిలడెల్ఫియా వాళ్ళు తర్వాత సెంట్లకి ఉత్త బిళ్ళలు తెప్పించుకున్నదీ ఆ బోల్టన్ దగ్గరే. దాన్ని నా 1798 సెంటు పక్కన పెట్టుకున్నా. అదృష్టం, అమ్మ చేతికి అది చిక్కలేదు.

ఏదైనా కొనేముందు అనుమానం ఉంటే ఇక్కడే ఫోటోలు పెట్టండి, బొమ్మా బొరుసూ అంచూ మూడూ కనపడేలా, ఫ్లాష్ వెయ్యకుండా, కిటికీ వెలుతురులో తీసి. బరువు కూడా రాయండి.