ఆవు పేగు కోసి అతకాల్సి వస్తే ఎండ్-టు-ఎండ్ మేలా, సైడ్-టు-సైడ్ మేలా?

గన్నవరం వెటర్నరీ కాలేజీలో హౌస్‌సర్జన్‌గా ఉన్నానంటూ ఒకరు, పేగులో పేగు దూరిన ఆవుకు చెడిన భాగం తీసేశాక కొసలు ఎలా కలపాలని అడిగారు. నేను గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో పశువైద్యం చేస్తున్నాను. నా ఓటు ఎండ్-టు-ఎండ్‌కే, అంటే రెండు కొసల నోళ్లను ఎదురెదురుగా కలపడానికే, అదీ ఒకే వరసలో విడివిడి కుట్లతో.

ఆవు చిన్నపేగుకు మీసెంటరీ (పేగును వీపు వైపుకు పట్టి ఉంచే పొర) పొట్టి, పైగా కొవ్వు పట్టి ఉంటుంది. డొక్క కోతలోంచి బయటకు లాగగలిగేది కొంచెమే. అంత తక్కువ జాగాలో సైడ్-టు-సైడ్, అంటే రెండు కొసల్ని పక్కపక్కన పెట్టి పొడవునా చేత్తో కుట్టాలంటే చాలాసేపు పడుతుంది. పేగును పిన్నులతో కలిపే స్టేప్లర్ ఉంటే సైడ్-టు-సైడ్ త్వరగా అవుతుంది, దారీ వెడల్పుగా వస్తుంది. కానీ ఆ పిన్నుల కాట్రిడ్జ్‌ల ఖర్చు రెండు గేదెలున్న రైతు మీద ఎలా వేస్తాం? వాచిన పేగు గోడను అవి సరిగా పట్టవు కూడా.

నేను 2-0 విక్రిల్ (ఒంట్లో కరిగిపోయే కుట్టు దారం) వాడతాను. సూది సబ్‌మ్యుకోసాను (పేగు గోడలో లోపలి జిగురు పొరకు వెనకుండే పొర) పట్టి తీరాలి, బలమంతా ఆ పొరదే. మొదటి కుట్టు మీసెంటరీ వైపే వేయండి. అక్కడ కొవ్వు కప్పేసి పేగు అంచు కనపడదు, లీకయ్యేది ఎక్కువగా అక్కడే. కొవ్వును వేలితో పక్కకు నెట్టి, అంచు చూసుకున్నాకే సూది దింపండి. రెండోది సరిగ్గా దాని ఎదుటి వైపు. తర్వాత మధ్యలో నింపుకుంటూ పోవడమే. చుట్టూ ఒకే దారంతో లాగితే సంచి మూతిలా బిగుసుకుంటుంది. పైన లెంబర్ట్ వరస (అంచును లోపలికి మడిచే కుట్లు) కూడా వేస్తే భద్రమనిపిస్తుంది గానీ, దూడల్లో దారి ఇరుకైపోతుంది.

అడ్డుకు ముందున్న పేగు ఉబ్బి, తర్వాతది ముడుచుకుని ఉంటుంది. సన్నపు కొసను ఏటవాలుగా, మీసెంటరీకి ఎదుటి వైపు ఎక్కువ పోయేలా కోస్తే నోరు పెద్దదై రెండూ కుదురుతాయి. అప్పటికీ కుదరకపోతే నేనూ సైడ్-టు-సైడే చేస్తాను.

అయితే నేను చూసినంతలో ఆవుల ప్రాణం తీసేది కుట్టు పద్ధతి కంటే ఆలస్యమే. మొదట పొట్టకేసి తన్నుకుంటూ, పడుకుని లేస్తూ ఉన్న ఆవు ఓ రోజుకు నెమ్మదిస్తుంది. "నొప్పి తగ్గింది డాక్టరు గారూ" అంటాడు రైతు. పేడ లేకుండా రక్తం కలిసిన జిగురు మాత్రమే పడుతుంటే అది తగ్గడం కాదు, లోపల పేగు చస్తోంది. అప్పటికి ఒంట్లో క్లోరైడ్, పొటాషియం పడిపోయి ఉంటాయి. కోతకు ముందే పొటాషియం కలిపిన నార్మల్ సెలైన్ నెమ్మదిగా ఎక్కించండి.

మీసెంటరీలో మిగిలిన సందు కూడా కుట్టేయండి. వదిలేస్తే మంచి పేగే అందులో దూరి ఇరుక్కుంటుంది.