బిహేవియర్ థెరపీ (ప్రవర్తనను మార్చే చికిత్స) పిల్లాడికైతే, కోచింగ్ ఇంట్లోవాళ్లకెందుకు?

థెరపిస్టు దగ్గర వాడుండేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా వారమంతా మీ దగ్గరే కదా. అమలాపురం దగ్గర మా బంధువుల ఇంట్లో చూశాను: అన్నం పెట్టగానే నాలుగేళ్లవాడు ఫోన్ కోసం కంచం తోసేస్తాడు. అమ్మ వద్దంటుంది. అరుపు పెరగగానే నాయనమ్మ ఇచ్చేస్తుంది. గట్టిగా అరిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. కోచింగ్‌లో మార్చేది ఇదే: ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండటం, మొదటి ముద్ద తినగానే మెచ్చుకోవడం. ఫోన్ ఆపిన కొత్తలో ఏడుపు ఇంకా పెరగొచ్చు, దయచేసి అక్కడ మెత్తబడకండి. టీనేజర్లతో ముందే కూర్చుని ఒప్పందం చేసుకోవాలి; థెరపీ తీసుకునేది పెద్దవాళ్లయితే లక్ష్యం వాళ్లే పెట్టుకోవాలి. థెరపిస్టు కోసం కాకినాడ దాకా వెళ్లడం కుదరకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.