ప్యాడ్ పిన్ రావట్లేదా? ముందు ఆ కాలిపర్‌ని మళ్లీ బండికి బిగించండి

బ్రేక్ ప్యాడ్లు మారుద్దామని కూర్చుంటే, ప్యాడ్లని పట్టి ఉంచే కడ్డీ, అదే ప్యాడ్ పిన్, దాని తలలో ఆరు మూలల అలెన్ గుంట అరిగిపోయిందని, కీ పెడితే ఊరికే తిరుగుతోందని, డ్రిల్ చేసేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, కానీ ఇప్పుడే వద్దు. ముందు నేనొకటి అడుగుతాను. కాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కే ఆ బ్రేకు భాగం, ఇప్పుడు బండి మీద ఉందా, మీ చేతిలో ఉందా?

చేతిలో ఉంటే నేను చేసిన తప్పే మీరూ చేశారు.

నాది వెనక బ్రేకు. నేను చూసిన వీడియోలో ఆయన రెండు మౌంటింగ్ బోల్టులు విప్పి, కాలిపర్‌ని చేతిలోకి తీసుకుని, పిన్‌ని రెండు వేళ్లతో తిప్పినట్టు తిప్పితే వచ్చేసింది. ఇలాంటి వీడియోల్లో బోల్టులన్నీ ముందురోజు రాత్రే ఒకసారి విప్పి పెట్టుకుంటారని నా గట్టి నమ్మకం. సరే, నేనూ కాలిపర్ తీసి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో అదిమి పట్టి, కుడి చేత్తో అలెన్ కీ తిప్పాను. కాలిపర్ తిరిగింది, బ్రేక్ గొట్టం మెలిపడింది, పిన్ మాత్రం కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాను. టక్కుమంది. హమ్మయ్య, వదిలింది అనుకున్నాను. వదిలింది పిన్ కాదు, గుంట మూలలు.

తర్వాత టార్చి వేసి చూస్తే గుంట అడుగున మట్టి గట్టిపడి ఉంది. కీ సగం లోతుకే దిగింది. సూదితో ఆ మట్టి గీకి, కీని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి అడుగుదాకా దింపి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. పైగా నా కీ, సెట్టుగా వచ్చే చవక రకం. మూలలు అప్పటికే గుండ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి వదిలేశాను. పాత ప్యాడ్లు ఎలాగూ పారేసేవే కాబట్టి వాటి మీద పడినా ఫర్వాలేదనుకున్నాను. డిస్క్ మీద మాత్రం పడకూడదు.

పొద్దున్నే చేసిన మొదటి పని కాలిపర్‌ని రెండు బోల్టులతో మళ్లీ బండికి బిగించడం. వస్తువుని కదలకుండా పట్టి ఉంచడానికి బండికి మించిన బెంచ్ వైస్ లేదు. గుంట సైజు 5 మిల్లీమీటర్లు. టీ30 టోర్క్స్ బిట్ (ఆరు కోణాల నక్షత్రం ఆకారంది) దానికంటే కొంచెం పెద్దది, అందుకే సుత్తితో కొడితే అరిగిన గోడల్ని కోసుకుంటూ లోపలికి దిగి పట్టుకుంటుంది. ఆ దెబ్బలకి మరల్లోని తుప్పు కూడా పగులుతుంది. పొడుగు హ్యాండిల్ తగిలించి ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు, కుదుపు లేకుండా నెమ్మదిగా బలం పెంచాను. కిర్రుమంటూ కదిలింది. ఆ చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

ఇలా కూడా రాకపోతే ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్ వాడండి. చాలాసార్లు కొరుకుతూనే పిన్‌ని బయటికి లాగేస్తుంది. అందరూ చెప్పే ఎక్‌స్ట్రాక్టర్, అంటే పిన్‌లో రంధ్రం చేసి అందులో గుచ్చి తిప్పి లాగే పనిముట్టు, నాకు నచ్చదు. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దాన్ని కోయలేదు, మొత్తం కాలిపరే పోతుంది. మంట కూడా పెట్టొద్దు, లోపల రబ్బరు సీళ్లు ఉన్నాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే విషవాయువే వస్తుంది. ఎర్ర థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పూసే జిగురు) పూసిన డిస్క్ బోల్టులకైతే వేడి తప్పదు, కానీ అప్పటికి కాలిపర్, చక్రం రెండూ బండి నుంచి బయట ఉంటాయి.

అసలు నా కోపం విప్పేవాళ్ల మీద కాదు, బిగించినవాళ్ల మీద. ఈ పిన్ మీద భారమేమీ వేలాడదు. నా బండి మాన్యువల్‌లో రాసింది 18 న్యూటన్ మీటర్లు, అంటే మణికట్టు బలం. దాన్ని పొడుగు పానా వేసి ఒళ్లంతా ఊపి బిగిస్తారు. ఉక్కు పిన్, అల్యూమినియం బాడీ, మధ్యలో నీళ్లు: ఈ మూడూ కలిస్తే తుప్పు దానంతటదే పట్టేస్తుంది, మన బలం కూడా ఎందుకు? బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత స్క్రూలదీ ఇదే గోల. జపాన్ బళ్లలో అవి జేఐఎస్ రకం, అంటే జపాన్ ప్రమాణానివి, చూడ్డానికి మామూలు ప్లస్ గాడి ఫిలిప్స్‌లాగే ఉంటాయి. ఫిలిప్స్ డ్రైవర్ పెడితే జారి తల తినేస్తుంది. అయినా ఎవరూ వినరు.

ఈసారి నుంచి కాలిపర్ బండి మీద ఉండగానే పిన్ వదులు చేసుకుని, తర్వాత మౌంటింగ్ బోల్టులు విప్పండి. అరిగిన పిన్ మళ్లీ వేయకండి, కొత్తది వేయండి. దాని కడ్డీకి వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలచగా పూయండి, ప్యాడ్ల వైపు చేరనివ్వకండి. నా పాత పిన్ ఇప్పటికీ టూల్ డబ్బాలోనే ఉంది. టీ30 బిట్ దాంట్లోంచి ఊడి రాలేదు, ఇంకోటి కొనుక్కున్నాను.