తెల్లదోమను పంపితే కందిరీగ అని ఫలితం వచ్చినప్పుడు

కడియం నర్సరీ కొబ్బరి మొక్కపై మీరు సేకరించిన తెల్లదోమ పిల్లపురుగు బార్‌కోడ్ (జాతిని గుర్తించే చిన్న డీఎన్‌ఏ వరుస) ఎన్కార్సియా అనే కందిరీగతో సరిపోలడం బహుశా ప్రయోగశాల పొరపాటు కాదు. ఆ చిన్న కందిరీగ తెల్లదోమ పిల్లపురుగు లోపలే పెరుగుతుంది, బార్‌కోడ్ కోసం చదివే సీఓఐ జన్యువుకు వాడే సార్వత్రిక ప్రైమర్లు (ఆ జన్యువుకు నకళ్లు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండింటి డీఎన్‌ఏనూ పట్టుకోగలవు. (ఈ కందిరీగ తెల్లదోమను చంపుతుంది కనుక తోటకు ఇది మంచి వార్తే.)

1. చాలామంది వదిలేసే మెట్టు ఇది: భూతద్దం కింద చూసి, నల్లబడిన పిల్లపురుగులను తీసివేయండి. లోపల కందిరీగ ఉన్నా ఇంకా రంగు మారనివీ ఉంటాయి కనుక, రెక్కలు వచ్చిన పెద్ద పురుగునే పంపడం మేలు.

2. ఒక్కో గొట్టంలో ఒక్క పురుగునే 95 శాతం ఇథనాల్‌లో ఉంచండి, ఫార్మలిన్ వాడవద్దు.

3. సుమారు 658 డీఎన్‌ఏ అక్షరాల కొత్త వరుసను బోల్డ్ (జీవుల బార్‌కోడ్‌ల ఆన్‌లైన్ భండారం) డేటాబేస్‌లో సరిచూడండి.