ద్వీపాన్ని అడవిలా మార్చాలంటే ముందు నీళ్లు చూడండి

యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్ అనే వీడియో గేమ్‌లో మీ ద్వీపం నిండా దేవదారు చెట్లు నాటినా అడవిలా లేదు, పార్కులా ఉంది, ఏం చేయాలి అని అడిగారు. అందులో నా మొదటి ద్వీపం కూడా అచ్చం అలాగే తయారైంది. 2020 మార్చిలో గేమ్ రావడం, లాక్‌డౌన్ పెట్టడం ఒకేసారి జరిగాయి. విశాఖలో ఇంట్లో కూర్చుని రోజూ మొక్కలు నాటడమే పని. కలుపు ఒక్క పోచ కూడా మిగల్చలేదు. చెట్టుకీ చెట్టుకీ సమాన దూరం. తీరా చూస్తే కొత్త లేఅవుట్‌లో రోడ్డు వారన నాటిన మొక్కల్లా కనిపించేవి.

తప్పెక్కడుందో నాకు గేమ్‌లో తెలియలేదు, విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో తెలిసింది. లాక్‌డౌన్ ఎత్తేశాక ఒక ఆదివారం పొద్దున్నే మావయ్యతో కలిసి అక్కడికి నడకకు వెళ్లాను. ఆయన చిన్నప్పటి నుంచీ ఆ కొండల పక్కనే పెరిగిన మనిషి. ఒకచోట ఆగి, “నీరు ఎటు పోతాదో చూడమ్మా, చెట్టు అటే బలుస్తాది” అన్నారు. అప్పుడు చూశాను. వాన నీరు జారే పల్లం పొడుగునా చెట్లు ఒకదాన్నొకటి ఆనుకుని గుబురుగా ఉన్నాయి. పది అడుగులు పైకెక్కితే బండరాళ్లు, ఎండిన గడ్డి, అక్కడక్కడా ఒక ముళ్లపొద. కాలిబాట ఒక రాయి దగ్గర పక్కకు తిరిగింది, ఒక వేరు దగ్గర సన్నబడింది. ఎవరో గీసిన బాట కాదు, నడవగా నడవగా పడిన బాట.

కాబట్టి చెట్ల సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి. మీ ద్వీపానికి 3 స్టార్ల రేటింగ్ వచ్చి, గేమ్‌లోని గాయకుడు కె.కె. స్లైడర్ కచేరీ అయిపోయి ఉంటే, నదులూ కొండలూ మార్చుకునే ఐలాండ్ డిజైనర్ యాప్ వచ్చేసి ఉంటుంది. నీళ్లకీ కొండలకీ పర్మిట్లు ఒక్కోటి 6,000 నూక్ మైల్స్ (గేమ్‌లో సంపాదించే పాయింట్లు). కొనుక్కోండి, కానీ ద్వీపం మొత్తం ఒకేసారి చదును చేయకండి. నేను చేశాను. రెండు వారాలు కొండలన్నీ కొట్టేశాక ఆ ఖాళీ మైదానం చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పట్టుకుంది, నెల రోజులు గేమ్ ముట్టుకోలేదు. ఒక మూల తీసుకుని అది పూర్తయ్యాకే ఇంకో మూలకు వెళ్లండి.

ప్లాజా, ఎయిర్‌పోర్టు, బీచ్, నది సముద్రంలో కలిసే రెండు చోట్లు ఎలాగూ కదలవు. అందుకే నది కలిసే చోట మొదలుపెట్టి ఎగువకు రండి. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఆఖరున కొండ అంచున ఒక జలపాతం. చెట్లలో ఎక్కువ భాగం ఈ నీటి వెంబడే పెట్టండి, మిట్ట మీద తగ్గించండి. నేను చెట్ల సంఖ్య పెంచకుండా ఉన్నవాటినే ఇలా జరిపాను. పండు తిని పార పట్టుకుంటే పెద్ద చెట్టు కూడా వేళ్లతో సహా వచ్చేస్తుంది కదా. ఆ ఒక్క మార్పుతోనే ద్వీపం రూపం మారిపోయింది.

కొండ అంచులకు నా నమూనా భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. అక్కడ వాన నీరు మట్టిని కోసి గండ్లు పెట్టిన తీరు చూడండి, అంచు ఎక్కడా తిన్నగా పోదు, లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. గేమ్‌లో నేలంతా గడులే కదా, నేను ఏ అంచునీ మూడు గడుల కంటే ఎక్కువ నేరుగా పోనివ్వను. మూలలు గుండ్రంగా కోస్తాను. నది ఒడ్డుకు కూడా అదే లెక్క.

కెమెరా సంగతి చాలామంది పట్టించుకోరు. మనం ఎప్పుడూ దక్షిణం నుంచి ఉత్తరం వైపే చూస్తాం. కొండకో పెద్ద చెట్టుకో వెనక ఏం పెట్టినా సగం కనపడదు. అందువల్ల ఎత్తైన కొండలు ద్వీపానికి ఉత్తరాన ఉంచండి, వాటి ముందు దేవదారు, దాని ముందు మామూలు చెట్లు, ఆ తర్వాత పొదలు, అన్నిటికంటే ముందు కలుపు, పూలు. అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో కాఫీ తోటలు చూసే ఉంటారు. పైన సిల్వర్ ఓక్ నీడ, దాని మానుకు పాకిన మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. అది మనుషులు పెంచిన తోటే, అయినా అడవిలా అనిపించేది ఈ అంతస్తుల వల్లనే. పొదలు, మొక్కలమ్మే లీఫ్ ద్వీపానికి వచ్చినప్పుడు కొని పెట్టుకోండి. హైడ్రాంజియా, అజేలియా పూయని నెలల్లో కూడా పచ్చగా నిండుగా ఉంటాయి.

ఇక చెట్ల వయసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. మర్నాడు తలుపు తీస్తే మా వీధి చివరి వేపచెట్టు వేళ్లతో సహా రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఊరి చుట్టూ కొండలు ఆకుల్లేక కాలిపోయినట్టు కనిపించాయి. ఆ తర్వాత విరిగిన మొదళ్ల పక్క నుంచే చిగుళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆ కొండల మీద ముసలి చెట్టు పక్కన పిల్ల చెట్టు, వాటి మధ్య ఒక మోడు కనిపిస్తాయి. మన ద్వీపంలో అన్నీ ఒకే ఎత్తున ఎదిగిపోవడమే పార్కు రూపం తెస్తుంది. దానికి ఉపాయం ఉంది. ఒక మొక్కను ఇంకో చెట్టుకు ఆనుకున్న గడిలో నాటితే అది ఎదగదు. విడిగా పెంచి, మీకు కావలసిన ఎత్తు వచ్చిన రోజున తవ్వి, పెద్ద చెట్టు పక్కకు మార్చండి. అక్కడే, ఆ ఎత్తులోనే ఆగిపోతుంది. ఐదారు చోట్ల చెట్టును గొడ్డలితో మూడు దెబ్బలు కొట్టి మోడు వదిలేయండి. మోడుల మీద మాత్రమే వాలే పురుగులు కొన్ని ఉన్నాయి, అవి కూడా వస్తాయి. మా వేపచెట్టు గుర్తుగా గేమ్‌లో నా ఇంటి గుమ్మం ముందు ఒక మోడు ఉంచుకున్నాను.

కలుపు పీకి పారేయకండి. పీకినది మళ్లీ నాటుకోవచ్చు, ఋతువు మారితే దాని రూపం కూడా మారుతుంది. బాట అంచుల్లో, రాళ్ల మొదట్లో, ఇళ్ల వెనక గోడ వారన పెట్టండి. బాటకు మట్టి దారి చాలు. రెండు గడుల వెడల్పుతో మొదలై ఒకచోట ఒక్క గడికి సన్నబడాలి. ఇళ్లు వరసగా ఉంటే మాత్రం ఎన్ని చెట్లు పెట్టినా కాలనీయే. ఒక విలేజర్ (ద్వీపంలో ఉండే జంతువు) ఇల్లు కదపాలంటే 50,000 బెల్స్, అంటే గేమ్ డబ్బు, పైగా రోజుకు ఒకటే. ఖరీదైనా చేయండి. నేను పది ఇళ్లలో ఆరు కదిపాను, ఆ డబ్బు దండగ అని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

స్టార్ల గురించి భయం ఉంటే, చెట్లు మరీ ఎక్కువైనప్పుడు ద్వీపం ఆఫీసులో ఉండే ఇసబెల్ చెబుతుంది. అప్పుడు కొన్ని తీసి వాటి స్థానంలో పొదలు పెట్టండి. 2021 నవంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత వంతెనలు, మెట్లు పదేసి కట్టుకోవచ్చు. గేమ్‌లో పడవ నడిపే కాపన్‌తో వేరే ద్వీపాలకు వెళ్తే తీగలు, మెరిసే నాచు దొరుకుతాయి. తీగను కొండ అంచున వేలాడదీస్తే దాన్ని పట్టుకుని ఎక్కొచ్చు కూడా, మెట్లు తక్కువ పడతాయి. నాచు మాత్రం జలపాతం పక్కన రెండు మూడు చోట్ల చాలు.

మీ ద్వీపంలో నది సముద్రంలో కలిసే రెండు చోట్లు ఏ వైపు ఉన్నాయో, ప్లాజా వాటికి ఎంత దూరంలో ఉందో రాయండి. రెండూ దక్షిణాన ఉంటే ఒక దారి, ఒకటి పక్కకు ఉంటే ఇంకో దారి. అది తెలిస్తే మొదటి మూల ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలను.