వేడి క్షేత్రాల్లోకి దిగబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పరిమిత ఉష్ణోగ్రత దగ్గర క్షయ రేటుకు, అంటే గుంటలో చిక్కినది గట్టు దాటి తప్పించుకునే రేటుకు, సెమీ క్లాసికల్ లెక్కలు మొదలుపెడుతున్నానని రాశావు. సంతోషం. అయితే నేరుగా క్వాంటం క్షేత్రం మీదికి పోకు. ముందు ఒకే కణం, ఒక గుంట, పక్కన ఒక గట్టు తీసుకో. అసలు చిక్కు అక్కడే బయటపడుతుంది, మిగతాది చాలావరకు డిటర్మినెంట్ల చాకిరీ.

ఉష్ణోగ్రత రాగానే కల్పిత కాలం (కాలాన్ని కల్పిత సంఖ్యగా రాస్తే వచ్చేది) వలయమవుతుంది. హెచ్-బార్‌ను కేటీతో (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం) భాగిస్తే దాని చుట్టుకొలత. గట్టును తలకిందులు చేస్తే లోయ. గట్టు కొస వంపును బట్టి వచ్చే కోణీయ పౌనఃపున్యం ఒమేగా అనుకుంటే, లోయ అడుగున చిన్న డోలనానికి రెండు పై బై ఒమేగా పడుతుంది. వలయం అంతకన్నా చిన్నదైతే, మామూలు గట్లలో బౌన్స్‌కు, అంటే ఆ లోయలో ఊగి తిరిగొచ్చే టన్నెలింగ్ దారికి, చోటుండదు. కొస మీద కదలకుండా కూర్చున్న పరిష్కారమే మిగులుతుంది. కణం టన్నెలింగ్ మాని వేడితో ఎక్కి దాటుతుందన్నమాట.

ఇక్కడ తొందరపడకు. ఆ పరిష్కారం చుట్టూ చిన్న కదలికల్లో ఒక్కో మోడ్‌కు వచ్చే ఐగెన్ విలువలను చేత్తో రాయి: ఎన్‌వ మాట్సుబారా పౌనఃపున్యం (రెండు పై ఎన్‌ను వలయం చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) వర్గంలోంచి ఒమేగా వర్గం తీసెయ్యి. వేడి బాగా ఉన్నప్పుడు ఎన్ సున్నా మోడ్ ఒక్కటే ఋణాత్మకం. చల్లారుతుంటే ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి కూడా ఋణంలోకి దిగుతాయి. మూడు ఋణ మోడ్‌లున్న పరిష్కారం క్షయ రేటుకు పనికిరాదు, అప్పుడు బౌన్స్‌కు మారాలి. సరిగ్గా ఆ మలుపులో రేటు ముందుండే గుణకం అనంతానికి పోతుంది. కంగారు పడకు, అక్కడ చేతులెత్తేసింది గాసియన్ ఉజ్జాయింపు, అంటే చిన్న కదలికల వర్గ పదాల దగ్గరే ఆగే లెక్క. క్షయ రేటు కోసం స్వేచ్ఛాశక్తి కల్పిత భాగాన్ని మలుపు ఉష్ణోగ్రతకు పైన ఒమేగా బీటా బై పైతో (బీటా అంటే ఒకటి బై కేటీ), దానికి కింద రెండు బై హెచ్-బార్‌తో హెచ్చవేయాలని ఆఫ్లెక్ 1981లో చూపాడు. మలుపు దగ్గర ఈ రెండూ కలుస్తాయని నువ్వే సరిచూసుకో.

క్షేత్రానికొస్తే, బాగా వేడిలో నాలుగు కొలతల బౌన్స్‌కు బదులు మూడు కొలతల బుడగ (కొత్త దశ మొలకెత్తే చోటు), దాని యాక్షన్‌ను ఉష్ణోగ్రత టీతో భాగించాలి. కంప్యూటర్ ఇచ్చిన అంకెను నమ్మేముందు పొటెన్షియల్ ఎక్కడిదో అడుగు. సున్నా కాని మోడ్‌లను అందులో కలిపేశాక డిటర్మినెంట్‌లో మళ్లీ లెక్కిస్తే, ఒకే అప్పును రెండుసార్లు పద్దు రాసినట్టే. ఒక లూప్ పొటెన్షియల్ (క్వాంటం, ఉష్ణ సవరణల్లో మొదటి మెట్టు వరకే లెక్కించినది) గట్టు చూపినంత మాత్రాన గట్టు ఉన్నట్టు కాదు. కణ భౌతికశాస్త్రపు స్టాండర్డ్ మోడల్‌లో అది గట్టు చూపిస్తుంది. కానీ హిగ్స్ బరువు సుమారు 80 జీఈవీ దాటితే ఎలక్ట్రోవీక్ పరివర్తన (విద్యుదయస్కాంత, బలహీన బలాలు వేరుపడే మార్పు) హఠాత్తు మార్పేమీ లేని నునుపైన క్రాసోవరేనని 1996 నాటి లాటిస్ లెక్కలు (క్షేత్రాన్ని గళ్ల మీద పెట్టి కంప్యూటర్‌తో చేసేవి) తేల్చాయి. 2012లో దొరికిన హిగ్స్ 125 జీఈవీ, కాబట్టి అక్కడ బుడగలే లేవు.

ఒక కణం లెక్క పూర్తయ్యాక కాగితాలు పంపు. ఋణ మోడ్‌లు సరిగా లెక్కపెట్టావో లేదో ముందు అదే చూస్తాను.

నీ మేనమామ